కంటి అడుగున పొద్దు

డండీలో జనవరి.
తొమ్మిదింటికి కుంటుకుంటూ వచ్చిన వెలుతురు
మూడున్నరకే కోటు తొడుక్కుంటుంది.
ఆ నడుమనున్న కాస్త పగలూ
కిటికీ లేని గదిలో గడుపుతాను.
కళ్ళ లోపలి ఫొటోలు తీయడం నా ఉద్యోగం.

ఇవాళ ఏడో మనిషి అలస్టేర్ గెడ్డీస్.
రొట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు రాత్రి డ్యూటీ.
ఊరందరి పొద్దుటికీ బ్రెడ్డు కాల్చి
పొద్దు పొడిచే వేళకు
పరదాలు లాక్కుని పడుకున్నవాడు.
కనుబొమల మీద ఇంకా పిండి ఉందేమో అనుకున్నాను.
కాదు, నెరిసిన వెంట్రుకలే.

చుక్కలమందు వేసి, పాపలు విచ్చుకునేదాకా ఆగి,
గడ్డం ఇక్కడ ఆనించండి,
పచ్చ చుక్కను చూడండి, రెప్ప వేయొద్దు.
ఫ్లాష్.

తెర మీద లేచింది
ఈ ఊళ్ళో పది రోజులుగా ఎవరూ చూడనిది:
నారింజరంగు గుండ్రం,
ఓ పక్కగా పసుపుపచ్చని బింబం,
దాన్నుంచి నలుదిక్కులా పాకే ఎర్రని వాగులు.
పదకొండేళ్ళుగా చూస్తున్నా
ప్రతిసారీ ఒక్క క్షణం
చేతులు కాచుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఉద్యోగం గుర్తొస్తుంది.
ధమనులు సన్నబడి వెండి తీగల్లా మెరుస్తున్నాయి.
ఒకటి సిరను దాటే చోట
నీళ్ళ పైపు మీద కాలేసినట్టు నొక్కేసింది.
అంచున రెండు దూదిపింజలు.
మా వైపు దూదిపింజ అంటే కాయ పగిలి చేను నవ్వడం.
ఇక్కడ, నెత్తురందని చోటు తెల్లబోవడం.

పోటు అంటే ఏమిటని ఇక్కడెవరైనా అడిగితే
ఒక్క మాటలో చెప్పలేను.
కత్తి దిగితే పోటు. తలపోటు. పంటిపోటు.
ఈ భవనం వెనక వీధులన్నీ దిగితే టే నది,
రోజుకు రెండుసార్లు సముద్రం దాన్లోకి ఎగదన్ని
మళ్ళీ వెనక్కి పోతుంది.
గెడ్డీస్ ఒంట్లో పోటే తప్ప ఆటు లేదు.
నూటడెబ్బై ఎనిమిది మీద నూటనాలుగు.

ఫైల్లో మిగతా కాగితాలు:
గుండె గోడ పద్నాలుగు మిల్లీమీటర్లు.
మూత్రంలో ప్రొటీన్.
విటమిన్ డి పదహారు.

డి పదహారుకు పడిపోయినందుకు గుండె మందమైందా,
గుండె మందమై, మెట్లు దిగలేక, గడప దాటక
డి పదహారుకు పడిందా?
కాఫీ మెషీన్ దగ్గర డాక్టర్ ఇషబెల్ మెక్‌ఫీని అడిగానోసారి.
"ఇద్దరూ ఎప్పుడూ ఒకే బస్సులో కనిపిస్తారు,
టికెట్ ఎవరు కొన్నారో ఇంకా తెలీదు" అంది.
"మాత్ర రాస్తాను. ఎముకలకైనా మంచిదే."

"ఏం కనబడుతోంది?" అన్నాడు గెడ్డీస్.
చెప్పడం నా పని కాదు.
తెర అతని వైపు తిప్పాను.
ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, మసగ్గానే చూశాడు.
"సరిగ్గా కాలిన రొట్టె అడుగు ఇదే రంగు" అన్నాడు.
ఆగి, దూదిపింజల మీద వేలు పెట్టి,
"ఇక్కడ పిండి కలవలేదు."

నాది పంతొమ్మిది. పోయిన వారమే తెలిసింది.
నరసరావుపేటలో బడికి బయల్దేరితే
గొడుగేసుకోవే, నల్లబడి చస్తావ్ అని
వాకిట్లోంచి మేనత్త అరిచేది.
లేతెండ, నీరెండ, చిటచిటలాడే ఎండ, మాడు పగిలే ఎండ
ఇన్ని పేర్లున్న దాన్ని
చున్నీ కింద, చూరు కింద తప్పించుకు తిరిగాను.
ఇప్పుడు మినపగింజంత గుళికలో
నీళ్ళతో మింగుతున్నాను.

ఒంటిగంటకు శాండ్‌విచ్ పట్టుకుని బయటికొస్తే
మబ్బు ఒక్కచోట చిరిగింది.
బస్టాపులో గెడ్డీస్.
విచ్చుకున్న పాపలకు వెలుతురు సూదుల్లా గుచ్చుతుంటే
కళ్ళు గట్టిగా మూసుకుని,
కోటు విప్పి మోకాళ్ళ మీద పడేసి,
చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి
తెల్లని ముంజేతులు రెండూ ఎండకి చాపి కూర్చున్నాడు.

ఇక్కడ మార్చి దాకా ఎండ ఉత్త వెలుతురే,
ఒంట్లో ఏమీ పుట్టించదు.
నేనిచ్చిన కరపత్రంలో రెండో పేజీలో ఉంది.
అతని జేబులోంచి దాని అంచు కనిపిస్తూనే ఉంది.
సాయంత్రం దాకా చదవలేడు.

నేనూ చెప్పలేదు.